రెండు గంటల సీరియల్

మాస్టారికి శుక్లాల ఆపరేషన్ అయి ఇరవై రెండు రోజులైంది. కుడి కన్ను కుదురుకుంది గానీ ఎడమ కంట్లో ఏదో వాపు మిగిలిందని, నలభై రోజుల పాటు టీవీ చూడకూడదు, చదవకూడదు, రాయకూడదు అని డాక్టరు మూడు ఆంక్షలు పెట్టాడు. మరొకరైతే ఇదే సందని కాళ్లు చాపుకుని పడుకునేవారు. మాస్టారికి మాత్రం కాళ్లూ చేతులూ కట్టి పడేసినట్టయింది. ఎందుకంటే ఆయన పనే టీవీ చూడడం.

ఎగతాళికి అంటున్న మాట కాదు. బళ్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన ఏడాది నుంచీ ఆయన ఒక దినపత్రిక ఆదివారం సంచికలో 'తెరకు మార్కులు' అనే శీర్షిక రాస్తున్నారు. వారానికో సీరియలో సినిమానో తీసుకుంటారు. అందులో ఎవరు ఏ పని చేశారు, అది ధర్మమేనా, దానివల్ల సంఘానికి మేలా కీడా అని విచారిస్తారు. చివర్లో ఒక్కో పాత్రకి పదికిగాను మార్కులు వేస్తారు. ఆయన చేతిలో తప్పినంతమంది హీరోలు మరెక్కడా తప్పి ఉండరు. ఈ శీర్షిక చదివి బుద్ధి మార్చుకున్నామని అత్తగార్లు రాసిన ఉత్తరాలు ఆయన దగ్గర అట్టపెట్టెడున్నాయి. అందులో సగం నిజమనుకున్నా గొప్పే.

ఇప్పుడు ఆయన కళ్లు కోడలివి. మధ్యాహ్నం రెండు గంటలకి ఆమె తన గదిలో సీరియల్ చూస్తుంది. మూడింటికి టీ తెచ్చి, హాల్లో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న మామగారికి కథ చెబుతుంది. గురువారం నాడు ఆయన చెప్పింది అట్ట మీద తెల్లకాగితం పెట్టుకుని రాస్తుంది. మొదటి వారం ఆమె చెప్పిన కథ ఆయనకి బొత్తిగా రుచించలేదు. ఎవరో కవలలు, ఎవరిదో ఉంగరం. "ఇందులో విచారించడానికి ఏముందమ్మా? ఇళ్లల్లో జరిగేవి చూపించరా వీళ్లు?" అని విసుక్కున్నారు. ఆ మర్నాడు ఆమె, "ఇవాళ్టి నుంచి కథ మారిందండీ," అంది. మారాక మాస్టారికి ఆసక్తి పుట్టింది. అయినా కథ కాస్త సాగాకే రాద్దామని, ఈ రెండు ఆదివారాలూ పాత సినిమాలతో నెట్టుకొచ్చారు.

"ఊఁ, చెప్పమ్మా. నిన్న ఎక్కడ ఆగాం?"

"అతను ఆవిడ ఫోను తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడండీ."

"అక్కడికి రెండు మార్కులు కోసేశాం. తర్వాత?"

కోడలు ఆరిన బట్టల కుప్ప ముందు కూర్చుని దుప్పటి మడత పెడుతోంది. ఆమె కథ చెప్పే తీరు మాస్టారికి ఇష్టం. 'అబ్బో, ఏం చూపు చూసిందనుకున్నారు!' లాంటి ఆర్భాటం ఉండదు. జరిగింది జరిగినట్టు, రేడియోలో వార్తలు చదివినట్టు చెబుతుంది.

"ఇవాళ కూరలో ఉప్పు ఎక్కువైందండీ. అతను ఏమీ అనలేదు. మొత్తం తినేశాడు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, సామాన్ల గదిలోకి వెళ్లమన్నాడు. ఎంతసేపు అని అడిగింది. నీకే తెలుస్తుంది అన్నాడు. తలుపేసి బయట గడియ పెట్టాడు."

"కొట్టాడా?"

"కొట్టడండీ. గొంతు కూడా పెంచడు."

"అదీ! అక్కడ ఉంది రచయిత తెలివి." మాస్టారు కుర్చీ చేతిని తట్టారు. "కొట్టేవాణ్ణి ఎవడైనా గుర్తుపడతాడు. ఇంతకీ గదిలో ఏం చూపించారు?"

"ఏం చూపించలేదండీ, చీకటి. పైన గోడకి జానెడు కన్నం ఉంటుంది. గాలొచ్చేది అందులోంచే. ఆవిడ బకెట్టు బోర్లించి, దాని మీద ఎక్కి, మొహం అక్కడ పెట్టుకుని నిలబడుతుంది. కాళ్లు లాగితే దిగి కూర్చుంటుంది. మళ్లీ ఎక్కుతుంది."

"ఫొటోగ్రఫీ బావున్నట్టుంది," అన్నారు మాస్టారు.

కోడలు దుప్పటి అంచులు కలిపి, మడత మీద అరచేత్తో రెండుసార్లు రాసింది. "ఆఖర్లో రేపటి భాగం కొంచెం చూపించారండీ. అతను ఆ కన్నం కొలత తీసుకుంటున్నాడు, టేపు పెట్టి."

"మూసేస్తాడన్నమాట. వీడి దుంప తెగ!" మాస్టారికి మంచి ఊపొచ్చింది. ఇలాంటి సరుకు చేతికి చిక్కి ఏడాదైంది.

"ఆ అమ్మాయి బతుకుతుందంటారా, మామయ్యగారూ?"

ఆయన పకపకా నవ్వారు. "వెర్రిదానా, నాయిక పోతే సీరియల్ ఎట్లా నడుస్తుంది? ఇంకా రెండేళ్లు లాగాలి వాళ్లు. ఏదో ఒక సమయానికి ఎవరో ఒకరు వచ్చి తలుపు తీస్తారు. తీయకపోతే టీవీ వాళ్లకే నష్టం. ఇవాళ గురువారం కదా, నువ్వు కాగితం తీసుకో."

ఆమె అట్ట ఒళ్లో పెట్టుకుంది. మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆయన చెబుతుంటే ఇప్పటికీ క్లాసులో చెప్పినట్టే ఉంటుంది. ఎక్కడ కామా పెట్టాలో, ఎక్కడ ఫుల్‌స్టాప్ పెట్టాలో కూడా నోటితోనే చెబుతారు. గదీ, గడియా, గోడ కన్నం, ఉప్పెక్కువైన కూర, బోర్లించిన బకెట్టు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పించి ఆ తర్వాత విచారణలోకి దిగారు. చెయ్యి చేసుకోనంత మాత్రాన వీడు పెద్దమనిషి కాడు. పులి నెమ్మదిగా నడిచినా పులే. ఆ గడియ వేసిన చెయ్యి ఎంత నేరం చేసిందో, దాన్ని తీయని చేతులన్నీ అంత నేరమూ చేశాయి. కోడలు తలెత్తకుండా రాసుకుపోయింది.

"ఇక మార్కులు. భర్తకి ఒకటి. అది కూడా ఎందుకంటే, అన్నం పారబోయకుండా తిన్నందుకు. భార్యకి ఐదు. నోరు తెరిచి ఎవరికీ చెప్పనందుకు మిగతా ఐదూ కోత."

"ఎవరికి చెప్పాలండీ?"

"ఎవరో ఒకరికి. ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"మామగారున్నారండీ. హాల్లో కూర్చుని ఉంటారు. పాపం ఆయనకి తెలీదేమో."

"తెలీకపోవడమేమిటి? ఒక కప్పు కింద ఉంటూ గడియ చప్పుడు వినపడదా? తెలియనట్టు నటిస్తున్నాడు ముసలాడు. సున్నా వెయ్యి."

పెన్ను కాగితం మీద కదిలిన చప్పుడు వినిపించింది. "వేశానండి," అంది ఆమె.

సాయంత్రం ఆరింటికి కొడుకు వచ్చాడు. లిఫ్టులు తనిఖీ చేసి, ఇది మనుషులెక్కడానికి పనికొస్తుంది, ఇది పనికిరాదు అని సంతకం పెట్టే ఉద్యోగం అతనిది. మెట్ల మీద అతని అడుగులు కూడా వినపడవు, అంత నెమ్మది. అపార్టుమెంటులో అందరూ కొడుకంటే ఇలా ఉండాలనే మనిషి. వచ్చీరాగానే చేతులు సబ్బుతో కడుక్కుని, తండ్రి తల వెనక్కి వాల్చి, రెప్ప పైకెత్తి మందు చుక్కలు వేశాడు. ఒక్క చుక్క చెంప మీద పడనివ్వడు. నర్సుకన్నా నయమని మాస్టారు అందరికీ చెప్పుకుంటారు. తర్వాత వంటింటి వెనక వాషింగ్ మిషను తిరగడం మొదలైంది. ఈ మధ్య అది రోజూ ఈ వేళకే తిరుగుతోంది.

శనివారం పొద్దున సుత్తి చప్పుడుకి మాస్టారు ఉలిక్కిపడ్డారు. వంటింటి వెనక సామాన్ల గదిలో ఎవరో మేకులు కొడుతున్నారు.

"ఏమిట్రా అది?"

"వడ్రంగి వచ్చాడు నాన్నా. ఆ గదిలోకి పావురాలు దూరుతున్నాయి. చెక్క కొట్టిస్తున్నాను," అని కొడుకు లోపల్నుంచి బదులిచ్చాడు.

"మంచి పని చేశావు. పావురాలు దూరితే ఇల్లంతా కంపే," అన్నారు మాస్టారు. సుత్తి పదకొండు గంటల దాకా మోగింది. ఆ రోజు కోడలు టీ తెచ్చి, కథేమీ లేదంది. శనివారం సీరియల్ రాదు కదా అని ఆయనా అడగలేదు.

ఆదివారం ఉదయం పేపరు వచ్చింది. ఆపరేషన్ అయినప్పటి నుంచీ శీర్షిక చదివి వినిపించే పని కొడుకుది. అతను టీ కప్పు పక్కన పెట్టుకుని, పేపరు నిలువుగా మడిచి, ఎప్పటిలాగే ఎగుడుదిగుడు లేని గొంతుతో చదివాడు. ఉప్పెక్కువైన కూర దగ్గర ఏమీ తడబడలేదు. గడియ దగ్గర ఆగి ఒక గుక్క టీ తాగాడు. బోర్లించిన బకెట్టు దగ్గర మళ్లీ ఆగాడు. ఈసారి టీ తాగలేదు.

"ఏం, అచ్చుతప్పా?" అన్నారు మాస్టారు.

"కాదు నాన్నా. బాగుంది." మిగతాది చదివి, మార్కులు కూడా ఒక్కొక్కటే చదివి, పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు. "ఇది ఏ ఛానెల్లో వస్తుంది?"

మాస్టారు ఛానెల్ పేరు చెప్పారు. "రెండింటికి. కోడలే చూసి చెబుతోందిరా. ఏం జ్ఞాపకశక్తి అనుకున్నావు! ఒక్క వస్తువు వదిలిపెట్టదు. బంగారు తల్లి."

"అలాగా," అన్నాడు కొడుకు. "నేనెప్పుడూ చూడలేదు. చూడాలి."

వంటింట్లో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. మాస్టారు దాన్ని పట్టించుకోలేదు. ఆయన మనసంతా రేపు రాబోయే ఉత్తరాల మీద ఉంది. ఆ సాయంత్రం మిషను ఒకదాని తర్వాత ఒకటిగా రెండు విడతలు తిరిగింది.

ఉత్తరాలు రాలేదు గానీ సోమవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. ఆదివారం సంచిక చూసే సబ్‌ ఎడిటరు. చురుకైన పిల్ల, మాస్టారంటే గౌరవం. ఆ గౌరవం వల్లే అసలు మాట చెప్పడానికి నాలుగు నిమిషాలు తీసుకుంది.

"మాస్టారూ, నిన్నటి నుంచీ ఫోన్లు ఆగట్లేదండీ. ఆ సీరియల్లో అట్లాంటి సీనే లేదట."

"లేకపోవడమేమిటమ్మా?"

"గది లేదు, గడియా లేదు. ఛానెల్ వాళ్లు మా ఎడిటరు గారికి చేసి, మీ పత్రికలో సీరియళ్లు చూడకుండానే రాస్తారా అని అడిగారట. ఆయన మండిపడుతున్నారు. రేపు పదకొండు లోపల నేనే ఫోన్ చేస్తాను. పొరపాటైంది, ఆ సన్నివేశం అందులో లేదు అని రెండు ముక్కలు చెప్పండి. ఎల్లుండి సవరణ వేసేస్తాం. లేకపోతే శీర్షిక..." ఆ పిల్ల మిగతాది మింగేసింది.

మాస్టారికి చెవుల్లోంచి ఆవిరి వచ్చినంత పనైంది. గోడ పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే తడుముకుంటూ అన్నిటికన్నా కింది వాటాలో ఉండే టైలరమ్మ దగ్గరికి దిగారు. టైలరమ్మ పొద్దున్నుంచీ టీవీ పెట్టుకునే మిషను తొక్కుతుంది. జాకెట్టు కొలతలు మర్చిపోతుందేమో గానీ సీరియళ్లలో చుట్టరికాలు మర్చిపోదు.

"గడియేంటి మాస్టారూ, గాడిద గుడ్డేంటి!" అంది ఆవిడ, మిషను ఆపకుండానే. "అందులో హీరోకి మతిపోయి నెలన్నరైంది. తన పెళ్లామెవరో తనకే తెలీదు, ఇంక గదిలో పెట్టి ఎవర్ని తాళం వేస్తాడు? కవలల్లో చిన్నది వాడి ఉంగరం కొట్టేసి ఊళ్లు పట్టుకు తిరుగుతోంది. నిన్న మీ పేపరు చూసి మా వీధంతా ఒకటే నవ్వు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందని..." అని నాలిక్కరుచుకుంది. "ఏమీ అనుకోకండి."

అనుకోకపోవడమేమిటి! నాలుగు అంతస్తులు ఎక్కేసరికి మాస్టారి మనసులో తీర్పు సిద్ధమైపోయింది. ఈ పిల్ల మధ్యాహ్నం పూట హాయిగా నిద్రపోతోంది. లేచి, మొహం కడుక్కుని, నోటికొచ్చింది అల్లి చెబుతోంది. తొమ్మిదేళ్ల పేరు మూడు వారాల్లో మట్టిలో కలిపింది. ఆయనకి తోచిన తప్పు అదొక్కటే. పదికి పది తప్పులు పట్టే మనిషికి ఆ పూట రెండోది తోచలేదు.

అప్పుడే నిలదీస్తే కథ మరోలా ఉండేదేమో. కానీ తగువులు నలుగురిలో తేల్చాలన్నది ఆయన పాత అలవాటు. కొడుకు వచ్చేదాకా ఆగారు. చుక్కలు వేయించుకున్నారు. ఆ తర్వాత కోడల్ని పిలిచారు.

"నువ్వు ఆ సీరియల్ చూస్తున్నావా, చూడట్లేదా?"

ఆమె బల్ల మీది ఖాళీ కప్పు అందుకుంది.

"గదీ, గడియా, గోడకి కన్నం, అవన్నీ ఎక్కణ్ణుంచి తెచ్చావు? అందులో అలాంటివేమీ లేవటగా! ఈ వయసులో నన్ను ఊళ్లో నవ్వులపాలు చేశావు కదమ్మా! చెప్పు, ఎవరు చెప్పారు నీకీ కథ?"

"ఎవరూ చెప్పలేదండీ," అంది ఆమె. గొంతు ఎంత సన్నగా ఉందంటే ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకోవలసి వచ్చింది.

"మరి?"

కొడుకు ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడని అతని సబ్బు వాసనని బట్టి తెలిసింది. "పోనీలెండి నాన్నా. తనకి కొంచెం ఊహలెక్కువ. మీరు బీపీ పెంచుకోకండి. నేను మాట్లాడతాను."

"మాట్లాడు. గట్టిగా మాట్లాడు," అన్నారు మాస్టారు.

రెండు జతల అడుగులు వంటింటి వైపు వెళ్లాయి. కాసేపటికి మిషను మొదలైంది. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, రేపు చెప్పాల్సిన సవరణని మనసులో కూర్చుకుంటున్నారు. 'పొరపాటున' అనాలా, 'అనివార్య కారణాల వల్ల' అనాలా?

కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నిదానించాయి, ఫ్రిజ్ ఒకసారి మూలిగి ఊరుకుంది, మిషను నీళ్లు కుదుపుకుని ఆగింది. ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయినట్టు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో, వంటింటి వెనక నుంచి, చెక్క మీద వేలి ఎముకలతో కొట్టిన చప్పుడు వినిపించింది. మూడుసార్లు. గట్టిగా కాదు. ఆగి మళ్లీ మూడుసార్లు.

మాస్టారి చేతులు కుర్చీ మీద బిగుసుకున్నాయి. పావురాలు. జానెడు కన్నం. టేపు పెట్టి కొలత. సుత్తి పదకొండు దాకా మోగింది. పేపరు చదువుతూ వీడు ఎక్కడెక్కడ ఆగాడు? రోజూ ఆరింటికి ఏం బట్టలుంటాయి ఇంట్లో ఉతకడానికి? ఒక్కొక్కటీ వచ్చి వరసలో నిలబడింది.

"ఏమిట్రా ఆ చప్పుడు?" అన్నారు. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

"మిషన్లో బట్టలు ఇరుక్కున్నాయి నాన్నా." కొడుకు చాలా దగ్గర నుంచి మాట్లాడాడు. అతను హాల్లోకి ఎప్పుడు వచ్చాడో, ఎంతసేపట్నుంచి నిలబడి తనని చూస్తున్నాడో మాస్టారికి తెలియలేదు.

"ఓహో," అన్నారాయన.

కరెంటు వచ్చింది. మిషను మళ్లీ తిరిగింది. మాస్టారికి భయం వేసింది. తన ఒళ్లో పెరిగిన పిల్లవాడంటే, మందు చుక్కలు పక్కకి పోనివ్వని ఆ చేతులంటే భయం వేసింది. ఆయన లేవలేదు. అన్నం కొడుకే వడ్డించాడు. నాలుగు ముద్దలు మింగి, మందులేసుకుని, చెయ్యి పట్టుకుని నడిపిస్తే వెళ్లి మంచమెక్కారు. ఉదయం దాకా కళ్లు మూసుకుని పడుకున్నారు గానీ నిద్రపోలేదు. సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ సిగ్గుకి లేచి పది అడుగులు వేసే బలం మాత్రం లేకపోయింది.

మంగళవారం పొద్దున్న టీ కూడా కొడుకే తెచ్చాడు.

"అమ్మాయేదిరా?"

"ఒంట్లో బాగోలేదు, పడుకుంది. నేను ఇవాళ సెలవు పెట్టాను. మీ చుక్కలు స్నానం చేసొచ్చి వేస్తాను." తువ్వాలు దులిపిన చప్పుడు, స్నానాల గది తలుపు పడిన చప్పుడు, బకెట్లోకి నీళ్లు.

మాస్టారు లేచారు. టీ కప్పు బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుని నడిచారు. హాలు దాటి వంటిల్లు, వంటిల్లు దాటి మిషను. మిషను మూత చల్లగా ఉంది. దాని పక్కన తలుపు. చెయ్యి తలుపు మీద పైకి పాకించారు. గడియ తన తలకన్నా ఎత్తున ఉంది. కొత్తది. నూనె కూడా వేసినట్టున్నాడు, వేలికి జిడ్డు తగిలింది. ఒక్క రవ్వ చప్పుడు లేకుండా జారింది.

లోపల్నుంచి వేడి గాలి మొహాన కొట్టింది. నల్లద్దాల్లోంచి ఆయనకి ఒక ఆకారం కనిపించింది. బోర్లించిన బకెట్టు మీద, గోడకి తల ఆనించి కూర్చుని ఉంది. లేవలేదు.

"అమ్మాయ్," అన్నారు మాస్టారు. క్షమించమని అందామనుకున్నారు. ఎంతో మంది చేత క్షమాపణలు చెప్పించిన మనిషికి ఆ మాట నోట్లో తిరగలేదు.

"టైమెంతైందండీ?" అంది ఆమె. నాలుక పిడచగట్టుకుపోయి ఉంది.

"తొమ్మిది దాటింది. వాడు స్నానానికి వెళ్లాడు."

"ఎంతసేపైంది వెళ్లి?"

"ఇప్పుడే."

"అయితే పది నిమిషాలు." ఆమె గోడ పట్టుకుని లేచింది. వంటింట్లో కుళాయి తిప్పి దోసిలితో నీళ్లు తాగింది. తర్వాత హాల్లో మడతపెట్టిన దుప్పట్ల దొంతర దగ్గరికి వెళ్లి, అడుగునుంచి గుడ్డ సంచీ లాగింది. మాస్టారు ఆ దొంతర పక్కనే మూడు వారాలు కూర్చుని కథ విన్నారు.

"పద, నేను కూడా కిందిదాకా వస్తాను. లిఫ్టులో..."

"లిఫ్టు వద్దు. ఆయన పైనుంచే ఆపేస్తారు. మెట్లు దిగిపోతాను. ఆటోలుండే చోటుకి ఏడు నిమిషాలు పడుతుంది." ఆమె చెప్పుల్లో కాళ్లు దూర్చింది. ఇన్నాళ్లూ ఎన్నిసార్లు లెక్క వేసుకుందో, ఒక్క మాటకీ తడుముకోలేదు. "మీరు ఇక్కడే ఉండండి. నేను వెళ్లాక తలుపేసి, దానికి అడ్డంగా నిలబడండి. చాలు."

"ఎక్కడికి వెళ్తావమ్మా?"

"అడక్కండి మామయ్యగారూ. తెలిస్తే మీరు చెప్పేస్తారు."

ఆ మాటలో కోపం లేదు. కోపముంటే ఆయన తట్టుకునేవారు. ఆమె గడప దాటింది. మాస్టారు తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి వెళ్తోంది, పరుగు కాదు, మోకాళ్లు పట్టేసిన మనిషి ఒక్కో మెట్టూ దిగుతున్న చప్పుడు. నాలుగు అంతస్తులు.

స్నానాల గదిలో నీళ్లు ఆగాయి. పది నిమిషాలు కాలేదు. వాడికి కూడా ఏదో వినపడి ఉండాలి.

తడికాళ్లు హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వెనక్కి వెళ్లాయి. తర్వాత అవి తిన్నగా గుమ్మం వైపు వచ్చాయి.

"గడియ మీరు తీశారా నాన్నా?"

"తీశాను."

"తప్పుకోండి."

మాస్టారు తప్పుకోలేదు. మడమలు నేలకి తన్నిపెట్టి నిలబడ్డారు. చెప్పుల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది, బహుశా రెండో అంతస్తు.

"మీకు తెలియని విషయాలు చాలా ఉన్నాయి. అన్నీ కూర్చుని మాట్లాడుకుందాం. ముందు తప్పుకోండి." కొడుకు గొంతు పెంచలేదు. సబ్బు వాసన మొహానికి దగ్గరగా వచ్చింది. తడి వేళ్లు చెవుల దగ్గర తగిలాయి. "చుక్కల టైమైంది నాన్నా," అంటూ అతను నల్లద్దాలు తీసేశాడు.

ఎదురుగా తూర్పు కిటికీ. వెలుతురు రెండు సూదుల్లా దిగింది. మాస్టారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. చెంపల మీదుగా నీళ్లు కారాయి. ఒక చెయ్యి ఆయన భుజం మీద పడి, మెల్లగా, చాలా మెల్లగా పక్కకి నెట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు చొక్కా జేబులో ఫోను మోగింది. ఆయన తడిమి బొత్తాం నొక్కారు.

"మాస్టారూ, నేనండీ. సవరణ చెబుతారా? కాగితం తీసుకున్నాను."

భుజం మీది చెయ్యి ఆగింది. తీయలేదు, అలాగే ఆగింది.

"చెబుతున్నానమ్మా. లైను కట్ చెయ్యకు. ఎంతసేపైనా సరే కట్ చెయ్యకు," అన్నారు మాస్టారు. అని క్లాసులో వెనక బెంచీలకి కూడా వినపడేలా గొంతెత్తారు. "రాసుకో. ఈ శీర్షికలో కామా, ఆదివారం నాడు నేను రాసిన సన్నివేశం కామా..."

"ఊఁ."

"సన్నివేశంలో మొదటి అక్షరం పక్కన సున్నా పెట్టలేదు కదా? పొల్లులు చూసుకో. నిదానంగా రాయి, తొందరేం లేదు. ఆ సన్నివేశం కామా, రెండు గంటల సీరియల్లోది కాదు ఫుల్‌స్టాప్."

"రాశానండీ. చాలు మాస్టారూ, అంతే కదా?"

చెప్పుల చప్పుడు ఇంక వినిపించడం లేదు. దిగిపోయిందో, మెట్ల మీద కూలబడిందో ఆయనకి తెలీదు. దిగిపోయినా ఇంకా ఏడు నిమిషాలు కావాలి. కొడుకు ఊపిరి ఆయన నుదుటికి తగులుతోంది. భుజం మీద వేళ్లు ఒక్కొక్కటే బిగుస్తున్నాయి. ఎముక నొప్పెడుతోంది.

"అంతే కాదు. అది మా ఇంట్లో జరిగింది కామా, నాలుగో అంతస్తులో కామా, వంటింటి వెనక గదిలో ఫుల్‌స్టాప్. గడియ పెట్టింది నా కొడుకు ఫుల్‌స్టాప్. మూడు వారాలు పక్కనే కూర్చుని విన్నది నేను ఫుల్‌స్టాప్."

అవతల పెన్ను ఆగినట్టుంది. ఆ పిల్ల, "మాస్టారూ," అంది, "ఇది... ఇది నిజంగా వెయ్యాలా?"

"వెయ్యాలి. ఇప్పటిదాకా రాసింది ఒకసారి పైకి చదువు, పెద్దగా చదువు. మా వాడు కూడా వింటున్నాడు," అన్నారు మాస్టారు, తలుపుకి ఇంకాస్త అదుముకుంటూ. "చదివాక కొత్త పేరా మొదలుపెట్టు. ఇంకా ఉంది."